ఏసీ మెకానిక్‌కి కిట్ డిజైన్ చేస్తున్నారా? ముందు మెట్లు లెక్కపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు నలుగురు మెకానికల్ ఫైనలియర్ పిల్లలు, బైకు మీద ఇంటింటికీ తిరిగే ఏసీ టెక్నీషియన్ కోసం ఎర్గోనామిక్ కిట్, అంటే ఒంటికి శ్రమ తగ్గించే కిట్ చేస్తున్నారు. చక్రాల ట్రాలీ, లోపల ప్రతి పనిముట్టుకీ కొలిచి కోసిన ఫోమ్ గూడు, పైన మడత స్టూలు. ఖాళీ బరువు 9 కిలోలు, అన్నీ సర్దితే 31. రూలా స్కోరు, అంటే పని చేసేటప్పుడు ఒంటి భంగిమ ఎంత ప్రమాదమో చెప్పే అంకె, తక్కువైతే మంచిది, 7 నుంచి 3కి దిగింది, గైడు మెచ్చుకున్నారు. కానీ ఇద్దరు మెకానిక్‌లకి చూపిస్తే "బాగుంది సార్" అని నవ్వి, మళ్ళీ ఆ పాత రెగ్జిన్ సంచే భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఎందుకలా చేశారు అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో 19 ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదటి పదకొండేళ్ళు బైకు మీదే. 2014 మే నెలలో ఒక రోజు, అది ఆ రోజుకి ఐదో ఇల్లు, బైకు క్యారియర్ మీంచి వాక్యూమ్ పంపు దించుతూ పక్కకి తిరిగాను, అంతే, నడుములో టక్కుమంది. ఆ పంపు బరువు పది కిలోలు కూడా లేదు. ఆరు వారాలు మంచం. అప్పటి నుంచీ సంచులూ క్యారియర్లూ చేయడం మొదలుపెట్టాను, మొదట నాకోసం, తర్వాత తోటి మెకానిక్‌ల కోసం. చదువు ఐటీఐ వరకే, కాబట్టి మీ థియరీలో నేను తప్పుగా చెప్పేది ఏదైనా ఉంటే మీరే దిద్దండి.

సూటిగా చెబుతాను. మీరు మెకానిక్ పని చేసే పది నిమిషాలకి డిజైన్ చేశారు. అతని నడుము పోయేది పని చేసేటప్పుడు కాదు, ఒక పనికీ ఇంకో పనికీ మధ్య. బండి దిగడం, గేటు, వాచ్‌మన్, మెట్లు, గుమ్మం, మళ్ళీ మెట్లు, మళ్ళీ బండి. మీ రూలా ఫొటోల్లో అతను ఇండోర్ యూనిట్ ముందు నిలబడి ఉంటాడు. నేనైతే అతను మూడో ఫ్లోరు మలుపు దగ్గర ఆగి చెయ్యి మార్చుకునేటప్పుడు ఫొటో తీస్తాను.

ఒక ఇంటికి వెళ్ళినప్పుడు సామాను ఎన్నిసార్లు ఎత్తుతామో నేనొకసారి వారం రోజులు లెక్కపెట్టాను. బండి మీంచి దించడం ఒకటి. వాచ్‌మన్ రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబరు, ఫ్లాట్ నంబరు రాయాలంటే కింద పెట్టాలి, మళ్ళీ ఎత్తాలి, అది రెండు. "ఈ లిఫ్టు వాళ్ళకి, మీరు అటు వెళ్ళండి" అంటారు చాలా అపార్ట్‌మెంట్లలో, ఆ అటు అంటే మెట్లో సర్వీస్ లిఫ్టో అదృష్టాన్ని బట్టి. ఫ్లాట్ ముందు చెప్పులు విప్పడానికి దించాలి, మూడు. హాల్లో పెడితే "అక్కడ కాదండీ, టైల్స్ గీతలు పడతాయి, బాల్కనీలో పెట్టండి" అంటారు, నాలుగు. ఇండోర్ దగ్గర పని అయ్యాక అవుట్‌డోర్ టెర్రస్ మీద ఉంటే అక్కడికి, ఐదు, ఆరు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ మూడు. తొమ్మిదీ పదీ తేలింది సగటున. సీజన్‌లో, అంటే మార్చి నుంచి జూన్ దాకా, రోజుకి ఆరు ఇళ్ళు వేసుకోండి. యాభై అరవై సార్లు వంగి ఎత్తుతాడు. మీ ట్రాలీకి చక్రాలున్నాయి, నిజమే. ఈ యాభై అరవైలో చక్రం ఎక్కడ పనికొచ్చిందో చూడండి. గేటు నుంచి లిఫ్టు దాకా, అది కూడా లిఫ్టు ఉంటే, నేల నున్నగా ఉంటే.

మెట్ల లెక్క వేరే ఉంది. ఒక ఫ్లోరుకి ఇంచుమించు 18 నుంచి 20 మెట్లు. నాలుగో ఫ్లోరంటే 75 మెట్ల దగ్గర దగ్గర. 31 కిలోల ట్రాలీని ఒంటిచేత్తో వెనక్కి తిరిగి 75 సార్లు గుంజాలి, ప్రతి గుంజుకీ నడుము ఒకవైపు మెలి తిరుగుతుంది. మూడు చక్రాల స్టార్ వీల్, అంటే మెట్టు తగిలితే మూడూ కలిసి గుండ్రంగా తిరిగి పైకెక్కే సెట్టు, పెడదామని మీలో ఒకరు అన్నట్టున్నారు. అది మెట్టు ఎత్తు ఒకేలా ఉన్నచోట బాగా ఎక్కుతుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్ళకి మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది కానీ మన పాత మూడంతస్తుల ఇళ్ళల్లో మేస్త్రీ చేతికి ఎంత వస్తే అంత, మొదటి మెట్టు ఒక ఎత్తు, చివరిది ఇంకో ఎత్తు. పైగా స్టార్ వీల్ సెట్టు బరువు దానికదే రెండు మూడు కిలోలు. మీ ఖాళీ బరువు అప్పటికే 9. అంటే మెకానిక్ ప్రతి ఇంటికీ 9 కిలోల మీ డిజైన్‌ని మోస్తున్నాడు, పనిముట్లు కాదు. ఆ ఇద్దరూ నవ్వింది అందుకే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం, ఇది మీ రిపోర్టులో కూడా వాడుకోవచ్చు. అమెరికాలో పనివాళ్ళ భద్రత చూసే నియోష్ సంస్థ లిఫ్టింగ్ ఈక్వేషన్ ఉంది కదా, 1991లో సవరించింది, మనిషి నడుముకి ముప్పు లేకుండా ఎంత ఎత్తొచ్చో చెప్పేది. అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు అని మొదలవుతుంది. దాన్ని ఒక్కో ఇబ్బందికీ కోస్తూ పోతుంది. బరువు మీ చీలమండల నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కోత లేదు. 50 సెంటీమీటర్లు ముందుకి ఉంటే సగం, అంటే 11.5. అది నేల మీంచి ఎత్తేది అయితే ఇంకో 0.775 తో గుణించాలి, 8.9కి వస్తుంది. 45 డిగ్రీలు పక్కకి తిరిగితే 0.856, 7.6. దాన్ని 80 సెంటీమీటర్లు పైకి, అంటే బైకు సీటు మీదకి తీసుకెళ్తే 0.876, చివరికి 6.7 కిలోలు. చూశారా, 23 ఎక్కడ, 6.7 ఎక్కడ. ఇందులో రోజుకి అరవైసార్లు అన్నది, పట్టు సరిగా లేదన్నది ఇంకా కలపనే లేదు. నా పంపు పది కిలోల లోపే అని చెప్పాను గదా, ఇప్పుడు అర్థమైందా నాకేమైందో. ఒక హెచ్చరిక, ఈ ఈక్వేషన్ రెండు చేతులతో ఎత్తేదానికే, ఒంటిచేత్తో ఎత్తేదానికి వర్తించదు. మనవాళ్ళు ఎత్తేది ఎక్కువగా ఒంటిచేత్తోనే, రెండో చేతిలో ఫోన్ ఉంటుంది, కస్టమర్ లొకేషన్ అడుగుతూ. కాబట్టి అసలు పరిస్థితి ఇంకా ఘోరం అనుకోండి.

ఈ లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ కోసేది దూరం. బరువు తగ్గించడానికి టైటానియం, కార్బన్ ఫైబర్ అని వెతక్కండి. ఒంటికి దగ్గరగా, నేల మీద కాకుండా పిడికిలి ఎత్తులో దొరికేలా చేయండి. చేతులు వేలాడదీసి నిలబడితే మన పిడికిలి ఎంత ఎత్తులో ఉంటుందో మీ కాలేజీలో పదిమందిని కొలవండి, 70 నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. స్ప్లెండర్ సీటు ఎత్తు 78.5. ఇది కాకతాళీయం కావచ్చు గానీ మనకి వరం. బైకుకి రెండు పక్కలా ఫ్రేము వేలాడదీసి, సంచి పిడి సీటు ఎత్తుకి వచ్చేలా పెడితే, వంగకుండా పట్టుకుని దించుకోవచ్చు. పాలవాళ్ళని చూడండి, క్యాన్లు రెండు పక్కలా కొక్కేలకి తగిలిస్తారు. గ్యాస్ బండలు వేసే కుర్రాళ్ళూ అంతే, నిండు బండ 30 కిలోలు దగ్గర దగ్గర, దాన్ని పక్కకి తగిలిస్తారు గానీ సీటు మీదకి ఎత్తరు. వాళ్ళకెవరూ ఎర్గోనామిక్స్ చెప్పలేదు, నడుమే చెప్పింది. వెనక సీటు మీద పెట్టె పెట్టి రబ్బరు తాడుతో కట్టే పద్ధతి మాత్రం రెండు రకాలుగా చెడ్డది. ఎత్తు ఎక్కువ, పైగా వెనక చక్రం ఇరుసు దాటి వెనక్కి పోతే హ్యాండిల్ తేలికైపోతుంది, వానలో మలుపు తిప్పేటప్పుడు తెలుస్తుంది ఆ భయం.

పక్క ఫ్రేము పెట్టేటప్పుడు ఒక సంగతి మర్చిపోకండి. మనవాళ్ళు సగంమంది మెయిన్ స్టాండు వేయరు, సైడ్ స్టాండే. బండి ఎడమకి వాలి ఉంటుంది. ఎడమ సంచి ముందు తీసేస్తే కుడి బరువు బండిని అటు లాగి పడేస్తుంది. ఎక్కించేటప్పుడు ఎడమ ముందు, దించేటప్పుడు కుడి ముందు. ఇది మనిషికి చెప్పి గుర్తుంచుకోమనడం కన్నా డిజైన్‌లోనే పెట్టడం మేలు, రోజూ ప్రతి ఇంట్లో దించే సంచి కుడి పక్క, అరుదుగా దించేది ఎడమ పక్క. మట్టి రోడ్డు మీద స్టాండు దిగబడకుండా కింద ఒక రేకు ముక్క వెల్డింగ్ చేయిస్తే అయిపోతుంది, ముప్పై రూపాయల పని.

ఇక సంచులు. మీరు పనిముట్లని రకం ప్రకారం సర్దారు, స్పానర్లన్నీ ఒక గూట్లో, ఎలక్ట్రికల్ అన్నీ ఒక గూట్లో, షోరూమ్‌లో పెట్టినట్టు. నేను మెట్ల ప్రకారం విడగొడతాను. అంటే, ఏ వస్తువు కోసం మళ్ళీ కిందికి దిగాల్సి వస్తుంది అన్నదాన్ని బట్టి. దిగి ఎక్కడమంటే ఎనిమిది కిలోల సంచి కోసం మన 65 కిలోల ఒంటిని నాలుగు అంతస్తులు మళ్ళీ మోయడం, అది మర్చిపోతే "తక్కువ బరువు, ఎక్కువ ట్రిప్పులు" అనే తప్పులో పడతాం. అలాగని అన్నీ ఒకేసారి మోస్తే మీ ట్రాలీ అవుతుంది.

నా పద్ధతిలో మూడు సంచులు. మొదటిది చూసే సంచి. క్లాంప్ మీటరు, టెస్టరు, నాలుగు స్క్రూడ్రైవర్లు, స్పానర్లు, కటింగ్ ప్లేయరు, టార్చి, రెండు మూడు కెపాసిటర్లు, టేపు, డ్రెయిన్ పైపు ఊదడానికి చిన్న పంపు. నాలుగు కిలోలు దాటనివ్వను, ఒంటికి అడ్డంగా వేసుకుంటాం, చేతులు రెండూ ఖాళీ. చల్లదనం రావట్లేదు, నీళ్ళు కారుతున్నాయి, ఆన్ అవట్లేదు అనే కంప్లయింట్లలో చాలావాటి సంగతి ఈ ఒక్క సంచితో తేలిపోతుంది. రెండోది కడిగే సంచి, అందులో జెట్ పంపు, పైపు, ఇండోర్‌కి చుట్టే కవరు, బ్రష్షులు, ఎనిమిది కిలోలు. సర్వీసింగ్ అని ముందే తెలిస్తే ఈ రెండూ కలిపి ఒకేసారి. మూడోది గ్యాసు సంచి, వాక్యూమ్ పంపు, గేజులు, సిలిండరు, తూకం, ఫ్లేరింగ్ టూలు, పన్నెండు కిలోల దాకా. నా అనుభవంలో పదిళ్ళలో రెండు మూడింటికే కావాలి, కాబట్టి అది కిందే, బండికే తాళం వేసి ఉంటుంది. కావాల్సి వచ్చినప్పుడు ఒకే చేతికి పన్నెండు కాకుండా, ఆరూ ఆరూగా రెండు పిడులున్న రెండు ముక్కలుగా విడిపోవాలి. ఒకవైపు బరువు వేలాడితే వెన్ను రెండోవైపుకి లాక్కుని నిలబడాలి, మెట్ల మీద అదే పెద్ద శత్రువు.

గ్యాసు సంచి గురించి ఇంకాస్త చెప్పాలి, మీ డ్రాయింగ్‌లో పంపుని అడ్డంగా పడుకోబెట్టారు. వాక్యూమ్ పంపులో నూనె ఉంటుంది తమ్ముళ్ళూ. పడుకోబెట్టి గుంతల రోడ్డు మీద తీసుకెళ్తే ఎగ్జాస్ట్ మూత దగ్గర కారి సంచంతా జిడ్డవుతుంది, పంపులో నూనె తగ్గి వాక్యూమ్ సరిగా పట్టదు. దానికి అడుగు వెడల్పుగా, నిలువుగా నిలబడే గూడు కావాలి. సిలిండరు కూడా నిలువుగానే, దానికి సేఫ్టీ వాల్వు ఉంటే అది పైన ఆవిరి వైపు ఉండాలి, ద్రవం వైపు కాదు. సిలిండరుకి మీరు గీసిన ఆ నల్ల రంగు మూత పెట్టె ఆలోచన పూర్తిగా మానేయండి. ఏసీల్లో నింపే ఆర్32 గ్యాసుకి 50 డిగ్రీల దగ్గర సిలిండర్‌లో ప్రెషరు 30 బార్‌కి అటూ ఇటూ ఉంటుంది, మన బైకు టైర్లో ఉండేది రెండు బార్ల పైచిలుకు, పోల్చుకోండి. మే నెలలో ఎండలో నిలబెట్టిన నల్ల పెట్టె లోపల 50 దాటడం పెద్ద పని కాదు. పైగా ఆర్32 కొద్దిగా మండే గుణం ఉన్నది, లీకైతే మూసిన పెట్టెలో పోగవుతుంది. అందుకని కింద, పైన గాలి కంతలు, లేత రంగు కాన్వాస్, బైకుకి నీడ పడే వైపు. లైటరు, బ్లో ల్యాంపు లాంటివి ఆ గూటి పక్కన అసలు పెట్టకండి.

ఇప్పుడు మీ లిస్టులో లేనిదీ, రోజు మొత్తంలో అన్నిటికన్నా బరువైనదీ చెబుతాను. నీళ్ళు. జెట్ సర్వీసుకి బాత్రూమ్‌లో బకెట్ నింపి బెడ్‌రూమ్‌కి మోసుకొస్తాం. 20 లీటర్ల బకెట్ అంటే 20 కిలోలు, ఒంటిచేత్తో, తడి టైల్స్ మీద, వట్టికాళ్ళతో, కిందపడకుండా ఒకవైపు వంగి. ఒక ఏసీకి రెండు బకెట్లు, కడిగాక మురికినీళ్ళ బకెట్ మళ్ళీ తిరిగి. మీరు ఎంత గొప్ప సంచి చేసినా ఇది అలాగే ఉంటుంది. నేను చేసింది ఏమీ లేదు, పంపుకి నీళ్ళు పీల్చే పైపు పది మీటర్లది వేశాను, బకెట్ బాత్రూమ్‌లో కుళాయి కిందే ఉంటుంది, పైపే గదిలోకి వస్తుంది. కవరు కింద నుంచి వచ్చే మురికినీళ్ళ పైపు కూడా పొడుగు పెంచి బాత్రూమ్ దాకా వదిలాను. పైపు బరువు కిలోన్నర పెరిగింది, బకెట్లు మోయడం పోయింది. అన్ని పంపులూ అంత దూరం నుంచి పీల్చవు, కొనేముందు చూసుకోవాలి, లేకపోతే పంపునే బాత్రూమ్‌లో పెట్టి ప్రెషర్ పైపు పొడుగుది తీసుకోవాలి, నిజానికి అదే ఇంకా మంచిది. మీ ప్రాజెక్టులో ఒకే ఒక్క పని చేయగలిగితే ఇది చేయండి, మిగతాదంతా వదిలేయండి అంటాను.

నిచ్చెన సంగతి క్లుప్తంగా. బైకు మీద అడ్డంగా నిచ్చెన పెట్టుకుని వెళ్ళేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ టెన్షన్. టెలిస్కోపిక్ నిచ్చెన మడిస్తే చిన్నదవుతుంది గానీ పది కిలోల దాకా ఉంటుంది, తాళాలు సన్నటి మట్టికి పట్టేస్తాయి, వేళ్ళు నలుగుతాయి. చాలా ఇళ్ళల్లో నిచ్చెనో గట్టి స్టూలో ఉంటుంది, బుకింగ్ అప్పుడే ఫోన్లో అడిగితే సగం రోజులు మోయనక్కర్లేదు. ఇది కూడా డిజైనే, వస్తువు కాదు గానీ. అల్యూమినియం కరెంటుకి ప్రమాదం, ఫైబర్ నిచ్చెన బరువు, ఇక్కడ నా దగ్గర మంచి జవాబు లేదు. గోడ అంచున, పిట్టగోడ లేనిచోట బిగించిన అవుట్‌డోర్‌కి మాత్రం ఐఎస్ 3521 (మన దేశ ప్రమాణం) ముద్ర ఉన్న ఫుల్ బాడీ హార్నెస్, అంటే ఒళ్ళంతా పట్టుకునే భద్రతా బెల్టు, లేకుండా దిగడం డిజైన్ సమస్య కాదు, ప్రాణం సమస్య. అది సంచిలో బరువని తీసేసే జాబితాలో పెట్టకండి.

చిన్నచిన్నవి కొన్ని. పిడి మందం 30 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి. మీరు పెట్టిన సన్నటి బకెట్ పిడి లాంటిది రెండో ఫ్లోరుకే వేళ్ళు కోస్తుంది, పాత గార్డెన్ పైపు ముక్క చీల్చి తొడిగినా చాలు. భుజం పట్టీకి మంచం నవారు వాడండి, వెడల్పు ఉంటుంది, చెమట పట్టినా జారదు, ఏ ఊళ్ళో తెగినా అక్కడ దొరుకుతుంది. కింద ఒక పొర మెత్తటిది కుట్టించండి, అదీ విప్పి ఉతికేలా. నడుముకి బిగించే బెల్టు శాస్త్రప్రకారం మంచిదే, బరువుని భుజం నుంచి తుంటికి దించుతుంది, కానీ మే నెలలో ఎవరూ పెట్టుకోరు, నేనూ పెట్టుకోను. పెట్టదలిస్తే విప్పి తీసేసేలా పెట్టండి. జిప్పులు వద్దు. ఏసీలోంచి వచ్చే సన్నటి దుమ్ము రెండు నెలల్లో పళ్ళు తినేస్తుంది, మూత మడిచి బకిల్ పెట్టడం నయం. లోపలి గుడ్డ తెల్లగానో పసుపుపచ్చగానో ఉండాలి, నల్లటి లోపలికి నల్లటి స్క్రూడ్రైవర్ పడితే దాన్ని వెతుకుతూ మెడ వంచి రెండు నిమిషాలు. ఫోమ్ గూళ్ళు చూడ్డానికి బాగుంటాయి, కానీ ఒక పానా పోయి ఇంకో కంపెనీది కొంటే ఆ గూట్లో పట్టదు, అప్పటి నుంచి ఫోమ్ అంతా చెత్తే.

ఒక పక్క మాట. కత్తులకి సాన పట్టే సైకిలాయన్ని మీరు చూసే ఉంటారు, ఇప్పుడు తగ్గారు. స్టాండు వేస్తే వెనక చక్రం లేస్తుంది, అదే పెడలు తొక్కితే సానరాయి తిరుగుతుంది. వచ్చే వాహనమూ పని చేసే యంత్రమూ ఒకటే, దించడం ఎక్కించడం అన్న మాటే లేదు. మొబైల్ పనివాళ్ళ సామాన్లలో ఇంతకన్నా తెలివైన డిజైన్ నేను చూడలేదు. ఏసీ పనికి అది కుదరదు, ఏసీ నాలుగో ఫ్లోరులో ఉంది, బైకు కింద ఉంది. కానీ అవుట్‌డోర్ టెర్రస్ మీద ఉన్నప్పుడు తాడూ కప్పీ వేసి పనిముట్ల సంచి పైకి లాగడం అదే ఆలోచన. కప్పీని సంచికే కట్టి, తాడు ఒక కొస పైన కట్టేసి, రెండో కొస లాగితే సగం బలమే పడుతుంది. తాడు రెట్టింపు పొడవు కావాలి. కింద మనుషులు తిరుగుతుంటే మాత్రం వద్దు.

టెస్టింగ్ గురించి. రూలా 1993 నాటిది, చేతులూ మెడా ఎక్కువగా వాడే, కూర్చునే, స్థిరంగా ఉండే పనులకి బాగా పనికొస్తుంది. మీకు 2000లో వచ్చిన రెబా అనే అలాంటి ఇంకో కొలత నయం, కాళ్ళూ మొండెమూ బరువూ పట్టూ అన్నీ లెక్కలోకి వస్తాయి. ఏది వాడినా ఫొటో ఏ క్షణంలో తీశారన్నదే ఫలితం. మెకానిక్‌ని "ఎలా ఉంది?" అని అడక్కండి, "బాగుంది సార్" తప్ప ఇంకేం చెబుతాడు, మీరు చదువుకున్న పిల్లలు, పైగా టీ ఇప్పించారు. ఒక ఇద్దరు మెకానిక్‌లతో పొద్దున్న నుంచి రాత్రి దాకా తిరగండి, వాళ్ళు ఎత్తిన ప్రతిసారీ మీలో ఒకళ్ళు గీత గీయండి, ఎక్కడ చెయ్యి మార్చాడో, ఎక్కడ ఆగి గోడకి ఆనుకున్నాడో రాసుకోండి. తర్వాత ఖరీదైన నమూనా కాకుండా గోనె గుడ్డతో ఆకారం కుట్టి, ఇసుక పొట్లాలతో సరిగ్గా అదే బరువు నింపి వారం ఇవ్వండి. ఎనిమిదో రోజు వెళ్ళి చూడండి. అతను ఏ పట్టీ కోసేశాడో, ఏ గూడు బీడీ కట్టకి వాడుతున్నాడో, పిడికి ఏం చుట్టుకున్నాడో, అదే మీ అసలు ఫీడ్‌బ్యాక్. పొట్టివాళ్ళని, ఈ మధ్య ఈ పనిలోకి వస్తున్న ఆడపిల్లలని కూడా తప్పకుండా చూడండి. 155 సెంటీమీటర్ల మనిషి భుజాన ఆ కడిగే సంచి వేస్తే కింద కొస మోకాలికి తగిలి ప్రతి మెట్టుకీ కొట్టుకుంటుంది, అది నేను చేసిన తప్పే, మొదటి పది సంచులూ నా ఎత్తుకి కుట్టించాను.

ధర గురించి అడిగారు. మెకానిక్ ఒక రోజు సంపాదన దాటితే కొనడు, కంపెనీ కొనిస్తే తప్ప. కొన్నా పాడవకుండా దాచుకుని పాతదే వాడతాడు, అది ఇంకా విషాదం. విడివిడిగా కొనేలా పెట్టండి, ఈ నెల పక్క ఫ్రేము, వచ్చే నెల సంచి.

మీ ట్రాలీ పారేయక్కర్లేదు. లిఫ్టులున్న ఆఫీసులు, మాల్స్, వ్యాన్‌లో తిరిగే టీములు, వాళ్ళకి బాగా పనికొస్తుంది, కాకపోతే ఆ చిన్న క్యాస్టర్లు తీసి కనీసం 200 మిల్లీమీటర్ల చక్రాలు వేయండి. ఇప్పుడున్నవి పార్కింగ్‌లో ఒక కంకర రాయికే ఆగిపోతాయి.

ఆ మడత స్టూలు విషయం చివరికి ఉంచాను. కూర్చోడానికి అని రాశారు. ఎవరూ కూర్చోరు, దాని మీదకి ఎక్కుతారు, ఇండోర్ యూనిట్ ఏడడుగుల ఎత్తులో ఉంటుంది కదా. మీరు దాని మీద "ఎక్కరాదు" అని స్టిక్కర్ అంటించినా ఎక్కుతారు. కాబట్టి తీసేయాలి, లేదా ఎక్కడానికే చేయాలి. ఎక్కడానికే అయితే మధ్యలో కాకుండా ఒక మూల మీద 150 కిలోలు పెట్టి, కాళ్ళ కింద తడి టైలు వేసి టెస్ట్ చేయండి, జారకపోతేనే ఉంచండి.